కోతమిల్లు వెనక ఇద్దరు

మామూలుగా దెయ్యాలకి ఒంటరిగా దొరికినవాళ్లంటే ఇష్టమని చెప్పుకుంటారు. మూతబడ్డ కలప కోతమిల్లు వెనక జాగాకి మాత్రం ఒంటరివాళ్లతో పనిలేదు. ఒక్కతే వెళ్లి కట్టెలు ఏరుకొచ్చుకున్న ఆడమనిషి ఉంది. ఒక్కడే వెళ్లి పూటుగా తాగి, తెల్లారేదాకా గుర్రుపెట్టి, ఒళ్లు విరుచుకుంటూ ఇంటికొచ్చినవాడున్నాడు. ఇద్దరు కలిసి వెళ్తేనే... ఒకరి రక్తమైనా నేల మీద పడకుండా బయటికి రారు.

మిల్లు నడిచే రోజుల్లో ఇద్దరు కూలీలు, ఒకే గిన్నెలో తినేవాళ్లు, అక్కడ గొడ్డళ్లతో ఒకరినొకరు నరుక్కున్నారు. దేనికో ఎవరికీ తెలీదు. ఆ తర్వాత ఎప్పుడో అన్నదమ్ములిద్దరు వెళ్తే తమ్ముడి దవడ విరిగింది. దారి కలిసొస్తుందని ఓ మొగుడూ పెళ్లాం అటుగా నడిస్తే, ఆవిడ చేతిలో ఉన్న టిఫిను క్యారియరు ఆయన తల మీద సొట్టపోయింది. ఈ ఆఖరిది చెప్పి జనం నవ్వుతారు. మొదటిది చెప్పి నవ్వరు.

ఆ జాగాలో పెరిగిన పొదలూ పిల్ల చెట్లూ పీకే పని ట్రాక్టరు డ్రైవరుకి వచ్చింది.

అతనిది చిన్న ట్రాక్టరు. ఇరుకు సందుల్లో, పెరళ్లలో తిరగడానికి వీలుగా ఉంటుంది. ముందు బకెట్, వెనక కొక్కెం. కింద పని చూసేది అతని బామ్మర్ది, భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు. పన్నెండేళ్లుగా బావ పైన, బామ్మర్ది కింద. బావ బకెట్ పళ్లతో చెట్టు మొదలు చుట్టూ మట్టి తోడతాడు. బామ్మర్ది గొడ్డలితో పక్క వేళ్లు కొట్టి, మొదలుకి నేలని ఆనేలా గొలుసు చుట్టి, కొక్కేనికి తగిలించి, దూరం జరిగి చెయ్యెత్తుతాడు. చెయ్యి లేచాకే బావ చిన్న గేరులో లాగుతాడు.

గొలుసు కాస్త పైకి కట్టినా చాలు, ట్రాక్టరు ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి, డ్రైవరు వెల్లకిలా పడి దాని కిందే నలిగిపోతాడు. చెయ్యి లేవకముందే క్లచ్చు వదిలితే కింద ఉన్నవాడి వేళ్లు గొలుసులోనే ఉండిపోతాయి. పన్నెండేళ్లలో ఒక్క గోరు చితకలేదు.

గేటు దగ్గర కాపలా ముసలాయన తాళం తీస్తూ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"ఇద్దరేనా?"

"ఇద్దరమే," అన్నాడు డ్రైవరు.

"ఒకరు చేసుకోలేరా ఈ పని?"

బామ్మర్ది నవ్వాడు. "గొలుసు కట్టడానికి మీ దెయ్యం వస్తానంటే చెప్పు తాతా. నేను ఇంటికెళ్లి పడుకుంటా."

ముసలాయన నవ్వలేదు. "చీకటి పడేలోపు బయటికి రండి," అన్నాడు, అంతే.

చీకటి పడేలోపు అయిపోయేదే. పొద్దున్నుంచి పని జోరుగా సాగింది. చేతిమందం ముళ్లచెట్లు ఒక్క లాగుకే వేళ్లతో సహా ఊడొచ్చాయి. మధ్యాహ్నం బకెట్‌ని లేపే హైడ్రాలిక్ పైపు పగిలి నూనె చిమ్మింది. కొత్త పైపు తెచ్చి బిగించేసరికి మూడు గంటలు పోయాయి. తెల్లారితే గోడ కట్టే మేస్త్రి మనుషులతో దిగుతాడు. ఇంకా నాలుగు చెట్లు మిగిలాయి.

"లైట్లు వేసుకుని కానిచ్చేద్దాం బావా," అన్నాడు బామ్మర్ది.

ముందు రెండు లైట్లు, వెనక ఒకటి. ఆ వెలుగు దాటితే ఏమీ కనపడదు.

మొదటి చెట్టు వచ్చింది. రెండోది మొండికేసింది. డ్రైవరు దాని చుట్టూ మళ్లీ తోడాడు, బామ్మర్ది వంగి వేళ్లు కొడుతున్నాడు. ట్రాక్టరు అక్కడే నిలబడి గుర్రుమంటోంది. అప్పుడు...

"చేతకాకపోతే దిగు."

చెవి పక్కనే. బామ్మర్ది గొంతు. డ్రైవరు తల తిప్పాడు. బామ్మర్ది ఆరడుగుల దూరంలో మొదలు మీద వంగి ఉన్నాడు, వీపు మాత్రమే కనపడుతోంది.

అలిసిపోయి ఏదో గొణిగాడులే అనుకున్నాడు డ్రైవరు. తనకీ నడుం పడిపోతోంది. పట్టించుకోలేదు.

రెండోది లాగారు. ఒక వేరు తెగకుండా సాగి, సాగి, చివరికి ఫట్‌మని తెగి, బురద అతని మెడ మీద చిమ్మింది. తుడుచుకుంటుంటే మళ్లీ...

"మా అక్క నీ ఇంట్లో నవ్వగా నేను ఒక్కరోజు చూళ్లేదు."

ఈసారి తిరిగి చూడలేదు. పళ్లు బిగించాడు. ఇన్నేళ్లు తన పక్కన కూర్చుని తిన్నవాడు, తన ట్రాక్టరు మీద పని నేర్చుకున్నవాడు... వీడికి ఇంత మాట ఎలా వచ్చింది?

మూడో చెట్టు. బామ్మర్ది గొలుసు చుడుతున్నాడు. చేతులు రెండూ గొలుసు లోపలే ఉన్నాయి. డ్రైవరు సీటులో వెనక్కి తిరిగి, చెయ్యి లేచేదాకా ఆగాలని, క్లచ్చు తొక్కిపట్టి చూస్తున్నాడు.

"అక్కకి ఆ పన్ను..." అంది గొంతు, మెల్లగా, నవ్వుతున్నట్టు. "తొట్టి దగ్గర జారిపడి ఊడిందా బావా... నీ గుప్పిటతో ఊడిందా?"

డ్రైవరు బామ్మర్ది మీంచి చూపు తీయలేదు.

ఆ సంగతి జరిగి ఆరేళ్లు. ఒక్కసారే. ఒక్క దెబ్బే. కూరలో ఉప్పు ఎక్కువైందని మొదలైన మాట ఎక్కడికో వెళ్లి, చెయ్యి లేచింది. నీళ్ల తొట్టి దగ్గర పాచి మీద జారిపడ్డానని ఆమె అందరికీ చెప్పింది, తమ్ముడితో సహా. అతను చెప్పమనలేదు. ఆమే చెప్పింది. దాని గురించి ఆ తర్వాత ఇంట్లో ఒక్క మాట లేదు. ఆమె మర్చిపోయిందనే అతను నమ్ముతూ వచ్చాడు.

మర్చిపోలేదన్నమాట. తమ్ముడికి చెప్పిందన్నమాట. ఆరేళ్లుగా వీడు తెలిసీ నవ్వుతూ, బావా బావా అంటూ... లోపల తనని ఏమని పిలుచుకుంటున్నాడో.

చెయ్యి లేవలేదు. డ్రైవరు క్లచ్చు వదిలేశాడు.

గొలుసు టంగున బిగుసుకుంది. వెనక లైటు వెలుగులో బామ్మర్ది నోరు తెరుచుకోవడం కనపడింది. అరుపు ఇంజను హోరులో కలిసిపోయింది. ఒక చెయ్యి లాగేసుకున్నాడు. రెండోది గుంజుకునేసరికి రెండు వేళ్ల కొనలు గొలుసు దగ్గరే ఉండిపోయాయి.

డ్రైవరుకి అయ్యో అనిపించలేదు. అలా అనిపించకపోవడమే తర్వాత ఏళ్ల తరబడి అతన్ని నిద్రపోనివ్వలేదు. ఆ క్షణంలో మాత్రం... హాయిగా అనిపించింది.

బామ్మర్ది చేతిని పొట్టకి అదుముకుని తలెత్తాడు. ఆ చూపులో నొప్పి లేదు. ఎడం చేత్తో గొడ్డలి అందుకుని లేచి, ఒక్క మాట మాట్లాడకుండా వచ్చి మడ్‌గార్డు మీద వేటు వేశాడు. రేకు చీలింది. రెండో దెబ్బ డ్రైవరు మోకాలికి జానెడు దూరంలో పడింది. మూడో దెబ్బ పడేలోపు డ్రైవరు కొక్కెం పిన్ను లాగి పారేసి, ట్రాక్టరుని ముందుకి దూకించి, స్టీరింగు పూర్తిగా తిప్పాడు.

ఇప్పుడు ముందు లైట్లు రెండూ బామ్మర్ది మీద పడ్డాయి. అతని వెనక, పీకకుండా మిగిలిన ఆఖరి చెట్టు.

డ్రైవరు బకెట్ని మోకాలి ఎత్తుకి దించాడు. ఏ ఎత్తుకి దించాలో ఆలోచించి మరీ దించాడు.

పెద్ద గేరు వేశాడు.

బామ్మర్ది పక్కకి తప్పుకోవచ్చు. తప్పుకోలేదు. నిలబడి, కాళ్లు ఎడంగా పెట్టి, గొడ్డలి విసిరాడు. అది డ్రైవరు కుడి భుజంలో దిగింది. దిగిన గొడ్డలితోనే అతను యాక్సిలరేటరు మీంచి కాలు తీయకుండా తొక్కాడు. బకెట్ అంచు బామ్మర్ది కాలిని తీసుకెళ్లి చెట్టు మొదలుకి కొట్టింది. ఎముక విరగడం చెవికి కాదు, స్టీరింగు మీది చేతులకి తెలిసింది. ఆగలేదు. ఇంకా తొక్కాడు. చక్రాలు మట్టి చిమ్ముతూ గుంట చేసుకుంటున్నాయి. చెట్టు వెనక్కి వంగింది. బామ్మర్ది బకెట్ మీదికి వాలి, తెగిన వేళ్లతోనే ముందుకి పాకుతూ, డ్రైవరు గొంతు కోసం చెయ్యి చాస్తున్నాడు...

ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

నిశ్శబ్దం.

కీచురాళ్ల చప్పుడు కూడా లేదు. వేడి సైలెన్సరు టిక్కు టిక్కుమంటోంది.

"బావా," అన్నాడు బామ్మర్ది. చిన్నపిల్లాడి గొంతులా ఉంది. "బావా... కాలు."

డ్రైవరు తన భుజంలో ఉన్న గొడ్డలిని చూసుకున్నాడు. ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు. తర్వాత కిందికి చూసి, దిగబోయి, పడిపోయి, లేచాడు.

తాళం తిప్పితే ఇంజను వస్తుంది, రివర్సు వేస్తే కాలు బయటపడుతుంది. చెయ్యి తాళం దాకా వెళ్లి ఆగిపోయింది. మళ్లీ ఆ ఇంజను చప్పుడు మొదలైతే... తనేం చేస్తాడో తనకే తెలీదు. న్యూట్రల్లో పెట్టి, బకెట్‌కి ఎడం భుజం ఆనించి తోశాడు. కదల్లేదు. బామ్మర్ది కూడా మంచి చేత్తో తోశాడు. చక్రాలు గుంటలోంచి లేవట్లేదు.

టార్చి వెలుగు ఊగుతూ వచ్చింది. కాపలా ముసలాయన. అంతసేపూ గేటు దగ్గరే నిలబడ్డాడట.

"లోపలికి రావద్దు తాతా," అన్నాడు డ్రైవరు.

"ఇప్పుడు ముగ్గురం కదా, ఏం కాదు," అని ముసలాయన టార్చి పళ్ల మధ్య కరిచిపట్టుకుని బకెట్ మీద చేతులు వేశాడు.

ముగ్గురూ తోస్తే కదిలింది.

ఆసుపత్రిలో బామ్మర్ది కాలు మోకాలి కింద తీసేశారు. డ్రైవరు భుజానికి పద్నాలుగు కుట్లు పడ్డాయి, చెయ్యి పైకి లేవదన్నారు. ట్రాక్టరు జారిందనీ, పట్టుకోబోతే గొడ్డలి తగిలిందనీ చెప్పారు ఇద్దరూ. ముందుగా ఏమీ అనుకోలేదు, ఇద్దరి నోటా అదే అబద్ధం వచ్చింది. డ్రైవరు భార్య రెండు మంచాల మధ్య స్టూలు వేసుకుని మూడు రోజులు కూర్చుంది. ఎవర్నీ ఏమీ అడగలేదు.

మూడో రోజు సాయంత్రం ఆమె ఫ్లాస్కులో వేడినీళ్లు నింపుకురావడానికి వెళ్లింది. వార్డులో జనం పలచబడ్డారు. బామ్మర్ది పైకప్పు చూస్తూ మెల్లగా అన్నాడు...

"నాన్న నీళ్లడిగిన సంగతి నీకెవరు చెప్పారు బావా?"

"ఏ నీళ్లు?"

"నాన్న పోయిన రాత్రి. ఇలాంటి వార్డే. పక్కన నేనున్నాను. నీళ్లు అన్నాడు. రెండు నిమిషాల్లో లేద్దామనుకున్నాను... తెల్లారింది. ఎవరికీ చెప్పలేదు. అక్కకి కూడా. నువ్వు సీటు మీంచి అదే మాట... నీళ్లు, నీళ్లు అని... నాన్నలా గొంతు పెట్టి వెక్కిరించావు. వేళ్లు పోయినా ఓర్చుకునేవాణ్ణి. ఆ మాటే ఓర్చుకోలేకపోయాను."

"నేను నోరు విప్పలేదురా," అన్నాడు డ్రైవరు. "నీ మీద ఒట్టు. నీళ్ల సంగతి ఇప్పుడే వింటున్నా."

బామ్మర్ది తల తిప్పి చూశాడు. అబద్ధం కాదని తెలిసిపోయింది.

"మరి ఎవరన్నారు?"

"ఇంజను నడుస్తుంటే," అన్నాడు డ్రైవరు, "నువ్వు అరిచిన అరుపే నాకు వినపడలేదు. గుసగుస ఎలా వినపడుతుంది?"

ఎక్కడో ట్రాలీ చక్రం కిర్రుమంది.

భయం లోపల నుంచి డ్రైవరుకి మెల్లగా ఒక ఊరట లేచింది. తను అననిది వాడికి వినపడిందంటే, వాడు అననిదే తనకి వినపడి ఉండాలి. వాడి మనసులో తన మీద ఏమీ లేదు. రూఢి చేసుకోవాలనిపించింది. ముందుకి వంగి, గొంతు తగ్గించి అడిగాడు.

"అయితే నువ్వు కూడా... ఆ పన్ను గురించి ఏమీ అనలేదా?"

"ఏ పన్ను?" అన్నాడు బామ్మర్ది.

డ్రైవరు తల దించుకున్నాడు.

బామ్మర్ది కాసేపు అతని మొహాన్నే చూశాడు. తర్వాత బామ్మర్ది చూపు పక్కకి జరిగింది. మంచం చివర ఫ్లాస్కు పట్టుకుని అక్క నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఇద్దరూ చూడలేదు.

"అక్కా," అన్నాడు. "నువ్వు తొట్టి దగ్గర జారిపడలేదా?"

ఆమె ఫ్లాస్కు కింద పెట్టింది. మొగుడి వైపు చూడలేదు.

"లేదు," అంది.