హ్యాంగరు వెనక చెమ్మ

పొయ్యి మీద పాలు పొంగి కారిపోతున్నా కోడలి చూపు బాత్రూమ్ తలుపు మీదే ఉంది. అత్తగారు మళ్ళీ లోపలికి వెళ్ళింది. స్నానానికి కాదు, కుళాయి కట్టిందో లేదో చూసుకోవడానికి.

కింది ఫ్లాటు వాళ్ళ సీలింగు నుంచి నీళ్ళు కారుతున్నాయని గొడవ మొదలైనప్పటినుంచీ ఇదే వరస. "పెద్దావిడ కుళాయి వదిలేస్తున్నారేమో చూసుకోండి" అని ఇంటి ఓనరు ఓ మాట విసిరి పోయాడు. కొడుకు దాన్నే పట్టుకున్నాడు. ఈ గొడవకు ముందెప్పుడో ఒకసారి ఆవిడ వదిలేసిన మాట నిజమే. దాంతో నేరమంతా ఆవిడ నెత్తిన పడింది.

అసలు సంగతి కోడలికి తెలుసు. గోడలకు కన్నాలు పెట్టొద్దని ఓనరు ఇల్లు ఇచ్చిన రోజే చెప్పాడు. అయినా టవల్ హ్యాంగరు మీద మోజుతో పక్కింటివాళ్ళ డ్రిల్లు అడిగి తెచ్చి, ఇంట్లో ఎవరూ లేనప్పుడు తనే బాత్రూమ్ గోడకు కన్నం పెట్టింది. అందులోంచి సన్నగా నీళ్ళు చిమ్మాయి. గబగబా స్క్రూ బిగించి, చుట్టూ తెల్ల సిమెంటు కుక్కింది. బయటికి చుక్క రాకపోయేసరికి హమ్మయ్య అనుకుంది. కింద గొడవ మొదలయ్యాక, రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ తేలు కుట్టిన దొంగలా ఊరుకుంది.

"అమ్మాయ్!" అత్తగారు సంచి పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చింది. "మీ ఆడపడుచు దగ్గరికి పోతానే. నాకు మతి తప్పుతోంది. ఇవాళ కుళాయి వదిలేశాను, రేపు గ్యాసు వదిలేస్తే? చంటిపిల్ల ఉన్న ఇల్లు."

"మీకేం కాలేదత్తయ్యా..." అంది కోడలు. గబగబా పొయ్యి ఆర్పేసింది.

"డాక్టరుకి చూపిద్దాంలే అమ్మా. ముందు ఈ ప్లంబరు పని కానీ," అన్నాడు కొడుకు తల్లి మొహం చూడకుండా.

అంతలో బెల్లు మోగింది. ప్లంబరు, వెనకే ఓనరు. ప్లంబరు బాత్రూమ్ గోడ అక్కడా ఇక్కడా తట్టి చూసి, "ఎక్కడ కారుతోందో తెలీట్లేదండీ. టైల్సన్నీ పగలగొట్టుకుంటూ పోవాల్సిందే," అని సుత్తి ఎత్తాడు.

"పెద్దవాళ్ళని కాస్త కనిపెట్టుకుని ఉండాలమ్మా," అన్నాడు ఓనరు కోడలితో.

అత్తగారు చేతులు జోడించింది. "తప్పు నాదే బాబూ. ఇక నేనిక్కడ ఉండనులే."

ఆ జోడించిన చేతుల్ని కోడలు చూడలేకపోయింది.

"అక్కడ కాదు! ఆ హ్యాంగరు వెనక చూడండి. కన్నం పెట్టింది నేనే. పైపుకి తగిలింది. తెలిసే నోరు మూసుకున్నాను."

"మా అమ్మకి మతి పోతోందని నేనంటుంటే వింటూ కూర్చున్నావా?" అన్నాడు కొడుకు.

"విన్నాను," అంది తలొంచుకుని. సిగ్గుతో చచ్చిపోయింది.

ప్లంబరు స్క్రూ వదులు చేశాడో లేదో నీళ్ళు రయ్యిన చిమ్మాయి. ఇస్త్రీ చొక్కా తడిసిన ఓనరు ఎగిరి గుమ్మం బయటపడ్డాడు. అత్తగారు మాత్రం ఆ నీళ్ళలోనే నిలబడిపోయింది.

"అయితే నేను కట్టేస్తూనే ఉన్నానా?"

"ప్రతిసారీ కట్టేశారత్తయ్యా."

ఆవిడ కొడుకు చెయ్యి పట్టుకుని భోరుమంది. "నాకేం కాలేదురా! నా మతి నాకుందిరా!"

ఆ సంతోషం కోడలికి చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది. ఏడుస్తూ ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడింది. "తిట్టండత్తయ్యా. నాలుగు వాయించండి."

అత్తగారు కళ్ళు తుడుచుకుంది.

"తొందరేముందే? తీరిగ్గా తిడతాను. నేనేదీ మర్చిపోను."