ఖాళీగా ఉన్న మనిషి

మాది లిఫ్టులు బాగుచేసే ఆఫీసు. రెండు గదులు, ఒక సామాన్ల కొట్టు, ఎప్పుడూ వదలని గ్రీజు వాసన. ఎవరు ఎప్పుడు ఏ భవనానికి వెళ్ళాలో చూసుకోవడం నా పని. నేను చేరేనాటికి ఎవరి దారి వాళ్ళదే. ఒకడి పనులు అట్టపెట్టె మీద, ఇంకొకడివి అరచేతి మీద, మా యజమానివి ఆయన బుర్రలో. బుర్రలోవి సగం దారిలోనే జారిపోయేవి. తిట్లు మాత్రం నాకు తప్పేవి కావు.

పోరి పోరి అందరినీ ఒకే కేలెండర్‌లోకి తెచ్చాను. ఫోనులో తెరిస్తే ఒక్కొక్కరిది ఒక్కో రంగు. మా దగ్గర మొదటినుంచీ ఒక అలవాటుంది. ఎవరికైనా ఒకే వేళకి రెండు పనులు పడితే, ఖాళీగా ఉన్నవాళ్ళు ఒకటి అందుకోవాలి. దాన్నీ కేలెండర్‌కే నేర్పాను. అందరిలోకీ ఎక్కువ ఖాళీగా ఉన్న మనిషికి అదే ఆ పని అప్పగిస్తుంది.

నిజానికి అందుకునే మనిషి ఎప్పుడూ బాబాయే. మెకానిక్కులందరిలోకీ పెద్దవాడు. ఆఫీసుకంతటికీ బాబాయ్, మా పాపకి తాతయ్య. ఎవరు నీళ్ళు నమిలినా, "నేను ఖాళీయే కదమ్మా, నేను వెళ్తాలే" అనేవాడు. ఆయన చెయ్యి ఊరికే ఉండేది కాదు. నా సొరుగు కిర్రుమన్నా, పాప సైకిలు గొలుసు బిగుసుకున్నా, జేబులోంచి చిన్న డబ్బా తీసి వేలితో కాస్త గ్రీజు రాసేవాడు.

వానలు మొదలైన రోజుల్లో, ఇంకొకరి పని అందుకుని వెళ్ళి, లిఫ్టు గుంతలో పడి చనిపోయాడు. మా పాప సంగీతం నేర్చుకునే భవనమే అది. ఆ తర్వాత లిఫ్టు పెట్టెని ముక్కలుగా విప్పి తెచ్చేశాం. ప్రతి అంతస్తులోనూ దాని తలుపుకి అడ్డంగా చెక్కలు కొట్టారు. కేలెండర్‌లోంచి బాబాయ్ పేరు తీసేయమని ఎవరూ అనలేదు. నాకూ మనసు రాలేదు. ఆయనది బూడిద రంగు. ఎప్పుడు చూసినా ఖాళీ.

ఇంటి పనులకి నాకు వేరే కేలెండర్ ఉండేది. ఇంట్లో ఉండేది నేనూ పాపే. క్లాసు నుంచి తీసుకురావడం, కరెంటు బిల్లు, పాప బ్యాగుకి బిగుసుకుపోయిన జిప్పు మార్పించడం, అన్నీ అందులోనే. ఒకసారి మా యజమాని సాయంత్రం పూట మీటింగ్ పెట్టి, "నీకు ఇంట్లో పనుందని నాకెలా తెలుస్తుందమ్మా, కలొస్తుందా?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఇంటి కేలెండర్‌ని తెచ్చి ఆఫీసు దాంట్లో కలిపేశాను. ఇక కలలు రానక్కర్లేదని లోలోపల మురిసిపోయాను కూడా.

ఆ వారంలోనే ఒక సాయంత్రం వాన పట్టుకుంది. పెందలాడే చీకటి పడింది. పాపని తీసుకురావాల్సిన వేళ దాటిపోతోంది, మీటింగ్ మాత్రం తెమలడం లేదు. నేను లేవబోయిన ప్రతిసారీ యజమాని, "ఒక్క నిమిషం కూర్చోమ్మా" అంటున్నాడు. ప్రాణం పాప దగ్గర, ఒళ్ళు కుర్చీలో.

అప్పుడు గదిలోకి గ్రీజు వాసన వచ్చింది. రోజూ ఉండేది కాదు. పచ్చిగా, ఘాటుగా... దాని అడుగున తడి సిమెంటు వాసన.

"ఎవరన్నా డబ్బా మూత తీశారా?" అన్నాడు యజమాని ముక్కు నలుపుకుంటూ.

బల్ల మీద నా ఫోను ఒక్కసారి వణికింది.

"పాపని క్లాసు నుంచి తీసుకురావాలి." పక్కన బూడిద రంగు. కింద చిన్న అక్షరాలు... బాబాయ్ ఒప్పుకున్నారు.

అప్పగించడం కేలెండర్ పనే. నేనే నేర్పాను. కానీ ఒప్పుకోవడం... అది ఎవరో ఒకరు వేలితో నొక్కితేనే పడుతుంది.

బయటికి పరుగెత్తి సంగీతం టీచరుకి ఫోన్ చేశాను.

"పాప వెళ్ళిపోయిందే! మీరు పంపిన పెద్దాయన వచ్చారుగా. తాతయ్యా అంటూ ఎదురెళ్ళింది."

"ఎలా దిగారు? మెట్ల మీంచేనా?"

"చూడలేదండీ... లిఫ్టు గంట మోగినట్టు మాత్రం వినిపించింది."

ఎలా ఇల్లు చేరానో నాకే తెలియదు. తాళంచెవి నా సంచిలోనే ఉంది. లోపల మాత్రం లైటు వెలుగుతోంది. తాళం తీసి తలుపు తోశాను. చప్పుడు లేదు. మేం ఆ ఇంట్లో దిగిన రోజు నుంచీ కిర్రుమనే తలుపు అది.

పాప మంచం మీద కాళ్ళూపుకుంటూ కూర్చుంది. ఒంటి మీద ఒక్క వాన చుక్క లేదు.

"ఎలా వచ్చావే?"

"లిఫ్టులో దిగాం."

"అక్కడ లిఫ్టు లేదు కదమ్మా..."

"ఉంది. లోపల లైటు లేదంతే. చాలాసేపు దిగామమ్మా. దిగుతూనే ఉన్నాం. భయమేస్తోందంటే తాతయ్య చెయ్యి పట్టుకున్నాడు."

"తర్వాత?"

"తర్వాత తలుపు తెరుచుకుంది. మనిల్లు."

చెయ్యి చాపి చూపించింది. మణికట్టు చుట్టూ నల్లగా వేళ్ళ అచ్చులు. సబ్బు పెట్టి తోమాను, కిరసనాయిలు పెట్టి తోమాను. అవి పోవడానికి చాలా రోజులు పట్టింది.

ఆ రాత్రే ఇంటి కేలెండర్‌ని విడదీశాను. బాబాయ్ పేరూ తీసేశాను. ఏడుస్తూనే తీశాను, క్షమించమనీ అడిగాను. మంచి మనిషి. బతికున్నప్పుడు నా బిడ్డని కళ్ళు మూసుకుని ఆయన చేతిలో పెట్టేదాన్ని. కానీ ఆయన ఇప్పుడు తిరిగే దారి వేరు. ఆ దిగడం ఏదో ఒకరోజు మా ఇంటి దగ్గర ఆగకపోతే?

అప్పటి నుంచి ఒకే వేళకి రెండు పనులు పడనివ్వలేదు. పాప వచ్చే వేళకి మా యజమాని కాదు కదా, ఆయన్ని కన్నతండ్రి దిగొచ్చినా ఆఫీసులో కూర్చోను.

ఇవాళ కడుపు నొప్పని ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరమ్మ కాగితాలు పక్కన పెట్టి నెమ్మదిగా చెప్పింది. గడ్డ ఉందట. వెంటనే చేరాలి, ఆపరేషన్ చెయ్యాలి, కొన్నాళ్ళు అక్కడే ఉండాలి. ఆ మాట ఏ కేలెండర్‌లోనూ ఎక్కించలేదు. ఎవరికీ చెప్పలేదు. బడి దగ్గర పాపని బండి ఎక్కించుకుని, దీన్ని ఎవరి దగ్గర వదలాలిరా దేవుడా అనుకుంటూ ఇంటికొచ్చాను.

నేను గ్లాసుడు మంచినీళ్ళు తాగేలోపు పాప లోపలి గదిలోంచి వచ్చింది. కాళ్ళకి బూట్లు. భుజాన బ్యాగు, నిండా బట్టలు.

"ఎక్కడికే?" అన్నాను.

"నువ్వు ఆసుపత్రిలో ఉంటావు కదమ్మా. తాతయ్య ఖాళీయేనట."

బ్యాగు లాక్కున్నాను. తెరవబోయాను. నెలల తరబడి బిగుసుకుపోయి, ఇద్దరం కలిసి లాగినా కదలని జిప్పు... వేలు తగలగానే మెత్తగా, చివరిదాకా జారిపోయింది.