గోడకెక్కిన మాట

"కీబోర్డు ముట్టుకున్నవంటే చెయ్యి విరుగుతది," అంది నవ్య.

శశిభూషణ్ రెండు చేతులూ పైకెత్తాడు. "ముట్టుకోను తల్లీ. లినక్స్ నేర్చుకోబట్టి వారం కాలే, అప్పుడే ప్రొజెక్టర్ పెడ్తదంట!"

"పో, హాల్ల కూసో."

నవ్వుకుంటూ పోయాడు. ఆ నవ్వంటేనే ఆమెకు మంట. కంప్యూటర్ సైన్సులో రీసెర్చ్ చేస్తాడు. రోజూ జాగ్రఫీ ల్యాబుకొచ్చి ఆమెను ఏడిపించి పోతాడు. రాని రోజు ఆమెకు పని సాగదు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

సెమినార్ హాలు వెనక చిన్న గది. కంప్యూటర్ ఇక్కడ, బొమ్మ పడాల్సింది గోడకు అవతల. గోల్నాక దగ్గర మూసీ ఒడ్డు ఎలా కోసుకుపోతోందో ఆమె ఏడాదిగా గీసిన మ్యాపులవి. హాల్లో ప్రొఫెసర్లు కూర్చున్నారు. తార్నాక నుంచి నాన్న శ్రీనివాసులు కూడా వచ్చాడు. బొమ్మ పడకపోతే వాటిని చూపించే అవకాశం మళ్లీ వచ్చే ఏడే.

నవ్య బొమ్మను ప్రొజెక్టర్‌కి పంపే కమాండ్ కొట్టి ఎంటర్ నొక్కింది. మానిటర్ చీకటైపోయింది.

మళ్లీ కొట్టింది. చీకటే. శశిని పిలిస్తే నిమిషం పని. పిలవదు. ఏడుపు ముంచుకొచ్చింది. ఎటూ కనపడదు కదా అని, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు టకటకా కొట్టేసింది.

"శశీ, నీకు పొగరు. నువ్వు నవ్వితే కొట్టాలనిపిస్తది. అయినా నువ్వంటే నాకు ప్రాణం."

గోడ అవతల ఒక్కసారిగా ఈలలు, చప్పట్లు!

శశి తలుపు తోసుకుని వచ్చాడు. మొహం ఎర్రగా కందిపోయింది.

"నవ్యా... బొమ్మ పడ్డది."

"ఏం బొమ్మ?"

"మానిటర్ ఆఫ్ చేసి మొత్తం ప్రొజెక్టర్‌కి పంపినవ్. నువ్వు కొట్టింది గోడంత అక్షరాలల్ల కనిపిస్తున్నది. మీ సార్ పైకి చదివిండు."

నవ్య మొహం చేతుల్లో దాచుకుంది. "మా నాన్న?"

"అద్దాలు తుడుచుకొని రెండోసారి చదువుతున్నడు."

"నేనెట్ల బయటికి పోవాలె?"

"జరుగు జర." ఆ చీకటి తెర ముందే కూర్చుని అతనూ ఏదో కొట్టాడు. అవతల హాలు దద్దరిల్లింది.

"ఏం రాసినవ్?"

"పోయి చదువుకో."

పరుగెత్తి హాలు తలుపు తీసింది. ఆమె మాట కిందనే అతని మాట: "నాకూ అంతే. పెళ్లి చేసుకుందామా?"

ముందు వరసలో శ్రీనివాసులు లేచాడు. చప్పట్లు ఆగిపోయాయి. ఆమె వెనకే వచ్చిన శశి తలుపు దగ్గరే ఆగిపోయాడు.

"ఏమప్పా, పెండ్లి మాట గోడల మీద రాస్తారా? సాయంత్రం మీ అమ్మానాయనను పిల్చుకొని మా ఇంటికి రా," అన్నాడు శ్రీనివాసులు తన సీమ యాసలో. కూతురి వైపు తిరిగాడు. "నువ్వేమి చూస్తా నిలబడితివి? ఇంతమంది కూర్చోనుండారు. ఏది నీ నది?"

నవ్య వెనక్కి పరుగెత్తింది. చేసిన తప్పు ఇప్పుడు తెలిసింది. కమాండ్ సరిచేసి తనే కొట్టింది. రెండు తెరలూ వెలిగాయి.

అవతల గోడ నిండా మూసీ పారింది.