ఈవి చక్రం

వత్తులు కాగడానికి మూడు నిమిషాలు పడుతుంది. ఆ మూడు నిమిషాలకీ నూకరత్నం గడియారాన్ని నమ్మదు. నూట ఎనభై అంకెలు నోట్లోనే లెక్కపెట్టుకుంటుంది. మధ్యలో ఎవరైనా పలకరిస్తే మళ్ళీ ఒకటి దగ్గర్నుంచి మొదలుపెడుతుంది.

"అప్పా, అయిపోనాదా నేదా?" కిటికీ బయట కానుగనూనె ఇంజను దగ్గర్నుంచి అసిరయ్య అడిగాడు. "ఇది ఊరికే నూనె తాగేస్తన్నాది."

"నూట ముప్పైలో ఉన్నాను. నువ్వడిగినావు, మళ్ళీ ఒకటికొచ్చీసినాను. ఇంకాస్త తాగనీ."

"నీకాడ పనిసేసి పనిసేసి యాభైయేళ్ళ వయసుకే నాకు ముసిలితనం వొచ్చీసినాది."

నెలలో ఇది మూడో మూగదినం. సూర్యుడు రేగినప్పుడల్లా ఉపగ్రహాల ఆకాశజాలం నోరు మూసుకుంటుంది. ఇసుకమెదడు, అంటే చిప్పు, ఉన్న పరికరాలన్నీ కాసేపు తడబడి నిద్రపోతాయి. అలాంటి రోజుల్లో తెల్లదిబ్బ ఒడ్డుకేంద్రంలో మెలకువగా ఉండేది పెద్దపెట్టె ఒక్కటే. వందేళ్ళ కిందటి రేడియో యాంప్లిఫయర్ అది. మనిషెత్తు ఇనుప బీరువా, దానికి గాజు తలుపు, లోపల కొబ్బరిబోండాలంత వాల్వులు రెండు. ఒక్కో వాల్వు నడిమధ్యన వత్తి, వత్తి చుట్టూ వెంట్రుకలాంటి తీగతో అల్లిన వల, వల చుట్టూ నల్లటి రేకు. వత్తి కాగితే విద్యుత్తు వల సందుల్లోంచి రేకు మీదికి దూకుతుంది. అంతే. దానిలో దాపరికం ఏమీ లేదు.

నూకరత్నం బడికి వెళ్ళింది నాలుగేళ్ళే. మిగతా చదువంతా ఈ పెట్టె వెనక తలుపు తీసి చదువుకున్నదే. ఎవరూ చూడని ఆ వెనకవైపు కూడా తీగలన్నీ మైనపు దారంతో, ముడికీ ముడికీ బెత్తెడు దూరంలో కట్టి ఉంటాయి. ఒక్క ముడి కూడా వదులు కాలేదు. కట్టినవాళ్ళెవరో, ఏ ఊరివాళ్ళో తెలియదు. ముప్పై ఏళ్ళుగా దుమ్ము తుడుస్తూ కూడా, ఆ ముడుల దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి తనంతట తానే నెమ్మదించేది.

నూట ఎనభై అయింది. ఆమె పెద్దమీట వేసింది. పెట్టె గుర్రుమని సర్దుకుంది. పరీక్షకని ఏరియల్‌కు బదులు కలిపిన ఆరు బల్బుల వరస మసగ్గా, నిప్పు ఆరిపోతున్న కుంపటిలా వెలిగింది. ఆమె శ్రుతి చక్రాన్ని మెల్లగా తిప్పింది. రేకులో ప్రవాహాన్ని చూపే రేకు ముల్లు దిగి, దిగి, అడుగుకు చేరింది.

"లోతు చేరింది. ఆపండి," అంది తీగలోంచి పొదుపరి.

పొదుపరి లెక్కలు చూసే యంత్రం. సూర్యుడి రేగుడు తాకకుండా కొండ లోపల సీసపు గదిలో ఉంటుంది. కోస్తాలోని ఇరవై ఆరు కేంద్రాలకూ తీగ వేసుకుని, ఎక్కడ ఏ వాల్వుకు ఎంత ఆయుష్షు మిగిలిందో చూసుకుంటుంది. వాల్వులు చేసే కొలుములు ఆరిపోయి తరం దాటింది. ఉన్నవాటినే కాచుకోవాలి. రేకులో ప్రవాహం ఎంత తక్కువైతే వాల్వుకు అంత ఆయుష్షు అన్నది పొదుపరి సూత్రం. అందుకే ముల్లు అడుగంటిన చోటే ఆపమంటుంది. పెట్టెలో పుట్టిన శక్తిని ఏరియల్‌కు ఇచ్చే రెండో చక్రాన్ని, ఈవి చక్రాన్ని, ఎవరూ ముట్టుకోకుండా ముప్పై ఏళ్ళ కిందటే, నూకరత్నం పనిలోకి రాకముందు, దాని మీద లక్కముద్ర వేయించింది.

"బయటి శక్తి తొంభై వాట్లు. సరిపోతుంది," అంది పొదుపరి. "గాలి కబురు వినండి. తూర్పు వాయుగుండం దారి మార్చింది. మధ్యాహ్నానికి తెల్లదిబ్బ ఎదురుగా ఉంటుంది. పడవలు పదకొండు. వినికిడి లోపల ఆరు. వాటిని పిలవండి."

"మిగతా అయిదు?"

"వినికిడి అవతల."

అవతల ఉన్నవాటిని పొదుపరి లెక్కలో ఉంచుకోదు. నూకరత్నం బల్ల మీది చద్దిగిన్నె వైపు చూసింది.

అది చెల్లెలు మంగతల్లిది. తెల్లవారుజామున పడవ తోసుకుపోతూ మరిచిపోయింది. నూకరత్నం గిన్నె పట్టుకుని ఇసుకలో పరుగెత్తింది, నీటి అంచుదాకా వెళ్ళింది. చెల్లెలు నాలుగు బారల దూరంలో, వీపు ఇటు పెట్టి తాడు చుట్టుకుంటోంది. సముద్రానికి పోయేవాళ్ళను వెనకనుంచి పిలవకూడదు. ఆ పాలెంలో ఏ తల్లీ పిలవదు. నూకరత్నం నోరు నొక్కుకుని నిలబడిపోయింది. అప్పటికి ఆకాశజాలం మాట్లాడుతూనే ఉంది. సూర్యుడు రేగింది ఆ తర్వాత గంటకు.

ఏరియల్ కలిపి, వినికిడి లోపలి ఆరు పడవలనూ పేరుపేరునా పిలిచింది. ఆరూ మీట నొక్కి టిక్కుమన్నాయి. ఆ వెనకే, రొదలో మునిగి, చాలా దూరంనుంచి ఇంకో చప్పుడు వచ్చింది. మూడు టిక్కులు, ఒక ఎడం, మూడు టిక్కులు. దారెటు, అని అడగడం అది.

అసిరయ్య కూడా విన్నాడు. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు. "మంగ కాదూ?"

"మంగే. తెగులుపట్టింది, ఆఖరి టిక్కు ఎప్పుడూ సాగదీస్తాది."

ఒడ్డున ఏరియల్ తాటిచెట్టుకన్నా పొడుగు కాబట్టి అంత దూరం చప్పుడు కూడా ఇక్కడికి అందుతుంది. పడవ మీద ఉండేది పొట్టి తీగ. పక్కనే ఇంజను రొద. ఒడ్డు మాట అక్కడికి చేరాలంటే తొంభై వాట్లు చాలవు. రెండేళ్ళ కిందట పోలమ్మ పడవ ఇలాగే రెండు గంటలపాటు దారి అడిగింది. నూకరత్నం రెండు గంటలూ చెప్పింది, గొంతు పోయేదాకా చెప్పింది. అక్కడ వినపడలేదు. తర్వాత అడగడం ఆగిపోయింది. ఆ ఆగడం ఇంకా ఆమె చెవుల్లో ఉంది.

"పొదుపరీ, ఈ పెట్టె నాలుగొందల వాట్లది. పలక మీద రాసే ఉన్నాది."

"కొత్తలో అయి ఉండవచ్చు. వాల్వులు వృద్ధమయ్యాయి."

"వృద్ధం కానేదు," అంది నూకరత్నం. ఆమె అలమర తలుపు తీసింది. "అలమర్లో చచ్చిపోయిన వాల్వులు పదకొండున్నాయి. కిందటి నెల గాజు పగలగొట్టి అద్దం పెట్టి సూసినాను. పదకొండింటికీ రేకు నిగనిగలాడతన్నాది. కాలిపోయినాది వల."

ఆమె పెట్టె మీది రెండో ముల్లు గాజును వేలితో తట్టింది.

"రెండో ముల్లు, వల ముల్లు, ముప్పయ్యేళ్ళుగా ఎర్రగీతలోనే ఉంటన్నాది. నేను రోజూ సూస్తన్నాను, రోజూ బయపడతన్నాను. పెట్టెలో పుట్టిన శక్తిని బయటికి పోనీకుండా నొక్కిపెడితే, ఆ వేడి వల మీద పడతన్నాది. రేకుని కాపాడి వలని సంపుకుంటన్నాం."

"ఇది ఊహ. ఈ జత పోతే తెల్లదిబ్బకు మరో జత లేదు. రాబోయే పదేళ్ళలో మూగదినాలు వెయ్యికి పైగా ఉంటాయి. అయిదు పడవల కోసం ఆ వెయ్యి రోజులను పణం పెట్టకూడదు."

ఆ మాటా నిజమే. అదే ఆమెను ముప్పై ఏళ్ళు కట్టిపడేసిన మాట. రొదలో మళ్ళీ మూడు టిక్కులు వినిపించాయి.

నూకరత్నం ఏరియల్ తీసి బల్బులు కలిపింది. జడలోంచి సూది తీసి లక్కముద్ర కింద దూర్చింది. లక్క ఒక్క ముక్కగా ఊడింది. దాని కింద, ఇత్తడి చక్రం పక్కన, మేకుతో గీసిన సన్నటి గీత కనిపించింది. ఆ ముడులు కట్టిన కాలపు చెయ్యే గీసి ఉంటుంది. ఇంతవరకూ తిప్పుకో, అని ఎప్పుడో పుట్టబోయే మనిషికి చెప్పిపోయినట్టుంది.

ఆమె ఈవి చక్రాన్ని ఒక గీత తిప్పింది. రేకు ముల్లు లేచింది. శ్రుతి చక్రంతో దించింది, కాని పూర్తిగా దిగలేదు. మళ్ళీ ఈవి, మళ్ళీ శ్రుతి. ప్రతిసారీ ముల్లు దిగే లోతు తగ్గుతోంది, బల్బులు పెరుగుతున్నాయి. కుంపటి రంగు పోయి పసుపు, పసుపు పోయి తెలుపు. నూకరత్నం కళ్ళు బల్బుల మీద లేవు. ఆమె చూస్తున్నది వల ముల్లును. మేకుగీత దగ్గరికి చక్రం చేరేసరికి అది ఎర్రగీత దాటి, ముప్పై ఏళ్ళలో మొదటిసారి, పచ్చగళ్ళలోకి దిగి నిలబడింది.

"రేకు ప్రవాహం పరిమితి దాటింది. అసిరయ్యా, ఇంజను ఆపండి."

అసిరయ్య గాజు తలుపులోకి వంగి చూశాడు. రేకులు రెండూ కందిన చెంపల్లా సన్నటి ఎరుపెక్కాయి.

"అప్పా, ఎర్రబడతన్నాయే."

"ఎర్రబడాలనే సేసినారురా వాటిని. నేకపోతే గాజెందుకు, ఇనప డబ్బాలో బిగించీవోలు కదా. సూసుకోడానికే ఇచ్చినారు."

"అసిరయ్యా, ఇంజను ఆపండి," అంది పొదుపరి మళ్ళీ.

అసిరయ్య గుడ్డ భుజం మీద వేసుకున్నాడు. "నాకు చెవుడు బాబూ. ఇంజను కాడ ముప్పయ్యేళ్ళు పనిసేస్తే రాదేటి?" అని కూచుని, నూనె డబ్బా ఒళ్ళో పెట్టుకున్నాడు.

నూకరత్నం ఏరియల్ కలిపింది, ముళ్ళు ఒకసారి సరిచూసింది. మాట్లాడే మీట నొక్కింది. ఇక చెయ్యబోయేది పాలెంలో ఎవరూ చెయ్యని పని.

"మంగా. నేను అప్పని. ఎనకనుండే పిలుస్తన్నాను. గాలి తిరిగినాది. పడమటికి ముక్కు పెట్టు, దీపస్తంభం కుడిసేతికి ఉంచుకో. ఎంట ఉన్నోలందరికీ సెప్పు. చద్దిగిన్నె మరిసిపోనావు, ఇక్కడే ఉన్నాది."

రొద. ఆపైన రొద. తర్వాత రెండు టిక్కులు వచ్చాయి. రెండోది సాగింది. విన్నానని.

ఆమె పెట్టె మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. ఆ ఇనుము గోరువెచ్చగా ఉంది. ముడులు కట్టిన ఆ తెలియని మనిషికి దణ్ణం పెట్టాలనిపించింది గాని, పని ఉంది.

అంతలో దక్షిణం వైపునుంచి ఒక మగగొంతు తెరలు తెరలుగా వచ్చింది. "తెల్లదిబ్బేనా? ఇది పద్దెనిమిదో కేంద్రం. ముప్పై ఏళ్ళు దాటింది తెల్లదిబ్బ గొంతు విని. మా పడవలు కూడా అవతలే ఉండిపోయాయి. ఏం చేశారండీ?"

"సమాధానం ఇవ్వకండి," అంది పొదుపరి. "ఒక జత వాల్వులతో మీరు తెగించారు. ఈ మాట చెబితే ఇరవై ఆరు జతలు పణం పెట్టినట్టే."

నూకరత్నం వల ముల్లు వైపు చూసింది. పచ్చగళ్ళలోనే ఉంది. అయినా మరోసారి చూసింది. తర్వాత మీట నొక్కింది.

"లక్కముద్ర పీకండి. అన్నీ ఒకేలాటి పెట్టెలే, కింద మేకుగీత ఉండాల. ఈవి ఒక గీత, శ్రుతి ఒక గీత, తొందరపడొద్దు. రేకుని కాదు, వల ముల్లుని సూడండి. అది పచ్చలోకి రావాలి."

నిమిషం గడిచింది. పద్దెనిమిదో కేంద్రం గొంతు ఒక్కసారిగా పక్కగదిలో మనిషిలా వినిపించింది. దాని వెనక ఇంకో కేంద్రం, ఆ వెనక ఒక ఆడగొంతు, ఎవరివో పడవల పేర్లు.

తీగ చివర పొదుపరి తన లెక్కలు మళ్ళీ వెతికింది. ఇరవై ఆరు పెట్టెలకు అది వేసుకున్న ఇరవై ఆరు తీగలూ రేకులకే ఉన్నాయి. ఒక్కటీ వలకు లేదు. చివరికి, ముప్పై ఏళ్ళలో ఎన్నడూ లేనిది, అది ఒక ప్రశ్న అడిగింది.

"నూకరత్నం గారూ, వల ముల్లు ఎంత చూపుతోంది?"

ఆమె చెయ్యి ఎత్తి ఆగమంది. టిక్కులు లెక్కపెడుతోంది. మంగ, దాని వెనక మూడు పడవలు విన్నామన్నాయి.

"ఆగు," అంది. "ఇంకా ఒకటి పలకాల."