వెంట్రుకలు మొలిచిన ముఖం

“దీపం ఇట్లా తీసుకురాండప్పా! నా మొగం మీద వెంట్రుకలు మొలుస్తాండాయి!”

కదిరప్ప కేకకు సత్రం గది అదిరిపోయింది. బయట మద్దెల మోగుతోంది. పుంగనూరు జనం నాటకం కోసం చాపలు పరుచుకుని కూర్చున్నారు. లోపల, ద్రౌపది చీర కట్టుకున్న కదిరప్ప అద్దం ముందు వణికిపోతున్నాడు.

నాటకం జట్టుకు పెద్ద అయిన కృష్ణప్ప లాంతరు ఎత్తాడు. యుద్ధం వచ్చాక కిరసనాయిలు దొరకడమే కష్టం. గది మొత్తానికి ఆ ఒక్క లాంతరే.

పసుపు రంగు పూసిన బుగ్గ మీద నల్లటి వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉన్నాయి.

“గడ్డం సరిగ్గా గీయించుకోలేదేమో సూడప్పా,” కృష్ణప్ప నవ్వాడు.

“నుదుటి మీద గూడా ఉండాయి! నుదుటి మీద ఎవురికన్నా గడ్డం వస్తాదా?”

కృష్ణప్ప నవ్వు ఆగిపోయింది. కుంచె తీసుకుని తన చెంపకు రంగు రాసుకున్నాడు. అద్దంలో చూసుకున్నాడు. అక్కడా మొలిచాయి!

మూలన నిలబడ్డ పదేళ్ళ రుక్కు తన చెంప తడుముకుంది. నున్నగానే ఉంది. అయినా అద్దంలోంచి మనిషో జంతువో తెలియని ముఖం ఒకటి తననే చూస్తున్నట్టుంది.

అందరికీ రంగులు పూసే నారాయణప్ప రుక్కు నాయన. ఆయన జ్వరంతో మదనపల్లె ఆసుపత్రిలో ఉన్నాడు. అందుకే ఈరోజు ఎవరి రంగు వాళ్ళే పూసుకుంటున్నారు.

“ఇది మునిలక్ష్మవ్వ పనే,” కదిరప్ప గొంతు తగ్గించాడు. “నిన్న నాటకంలో ముందర కూసుంటానంటే పొమ్మన్నాం గదా. మీ రంగులు మాడిపోనూ అని తిట్టిపోయింది.”

మునిలక్ష్మవ్వ ఆ సత్రం ఊడ్చి, అక్కడే వసారాలో పడుకునే ముసలామె. ఆమెను పిలిపించారు.

“తిట్టింది నిజమే నాయనా. నా నోరు ఊరకుండదు,” అంది అవ్వ. “వెంట్రుకలు మొలిపించే విద్యే వస్తే, ఈ బట్టతలకు మొలిపించుకోనా?”



“మూట కట్టుకో అవ్వా,” కృష్ణప్ప గట్టిగా అన్నాడు. “ఇంక ఈడ ఉండొద్దు.”

“ఈ పొద్దు యాడికి పోయేది నాయనా? నాకు ఎవురుండారు?”

కృష్ణప్ప వసారా వైపు చెయ్యి చూపించాడు.

రుక్కు భయంగా కుంచెల పెట్టె దగ్గరికి జరిగింది. ఒక కుంచె చేతిలోకి తీసుకుంది. కొస ముట్టుకుంది, అంతే. కుచ్చు కుచ్చంతా ఊడి అరచేతిలోకి వచ్చింది.

 ఆసుపత్రికి పోతూ నాయన చెప్పిన మాటలు చెవిలో వినిపించాయి.

“ఇవి మేక వెంట్రుకలమ్మా. చింతపిక్కల బంకతో అంటించినా. కొబ్బరినూనెతో మెల్లిగా తుడువు. నీళ్ళు మాత్రం తగలనీయొద్దు.”

పొద్దున రుక్కు తుడవడం మొదలుపెట్టింది. ఎండిన రంగు ఎంతకీ వదలలేదు. అంతలో బజారులోకి, పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిచే బస్సు వచ్చిందని పిల్లలు పరుగెత్తారు. రుక్కు కుంచెలన్నిటినీ ఉడుకునీళ్ళలో, కుంకుడు రసంలో పడేసి వాళ్ళ వెంట పోయింది. తిరిగొచ్చి చూస్తే కుంచెలు తళతళలాడుతున్నాయి. ఎంత తెలివైన పని చేశానో అని మురిసిపోయింది కూడా.

అప్పుడు ఎవరూ చూడలేదు. ఇప్పుడూ ఎవరూ చూడటం లేదు. ఈ కుచ్చును కిటికీలోంచి విసిరేస్తే చాలు. ఈ సంగతి నాయనకు ఎప్పటికీ తెలియదు.

రుక్కు పిడికిలి బిగించింది.

వసారాలో అవ్వ దుప్పటి పరిచి సామాను సర్దుకుంటోంది. ఒక చెంబు, ఒక చీర. ఎంత బిగించినా ముడి పడటం లేదు. మళ్ళీ మళ్ళీ జారిపోతోంది.

రుక్కు ఒక్క ఉదుటున వెళ్ళి ఆ మూట మీద చెయ్యి పెట్టి కృష్ణప్ప వైపు తిరిగింది.

“అవ్వను పంపించొద్దు పెదనాయనా!”

అందరూ తిరిగి చూశారు. రుక్కు పిడికిలి విప్పింది. లాంతరు వెలుగులో అరచేతి నిండా నల్లటి వెంట్రుకలు. కదిరప్ప రెండడుగులు వెనక్కి వేశాడు.

“ఇవి మేక వెంట్రుకలు. మొలవలేదు, కుంచెల్లోంచి ఊడి రంగుకు అంటుకున్నాయి. ఉడుకునీళ్ళలో నానేస్తే బంక కరిగిపోయింది.”

“నారాయణప్ప నీళ్ళు తగలనీయడే!” కృష్ణప్ప గొంతు పెంచాడు. “ఎవురు నానేసినారు?”

రుక్కు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తల మాత్రం దించలేదు.

“నేనే పెదనాయనా. నాయన వద్దన్నా నేనే నానేసినా.”