నా కుడా, నీ కుడా

బావ జారిపడలేదు. నేను పడేశాను. ఈ మాట ఇంతవరకు నోటితో అనలేదు.

మాది ఎత్తైన కొండ మీద టెలిస్కోపు. విశ్వం పుట్టిన కొత్తలో బయల్దేరిన వెలుగు ఇంకా సన్నగా వస్తూనే ఉంటుంది. అది ఏ వాలులో కంపిస్తోందో కొలవడం మా పని. అంతకు ముందు మా కొలత సరైనదో కాదో తేల్చుకోవాలి. అందుకని టెలిస్కోపు మూతి మీద సన్నటి తీగలు బిగించిన చట్రం పెట్టి కొంచెం కొంచెంగా తిప్పుతాం. పైన చట్రం దగ్గర మా అక్క మొగుడు. కింద కిటికీల్లేని గదిలో వాకీటాకీతో నేను. డిగ్రీ లేకపోయినా పుస్తకాలు చూసి అన్నీ నేర్చుకున్నానని నాకు గొప్ప. ఉద్యోగం ఇప్పించింది కూడా ఆయనే.

కోణం లెక్కకు రెండు పద్ధతులున్నాయి. కింద నుంచి ఆకాశాన్ని చూస్తూ లెక్కించేది ఒకటి, ఆకాశం నుంచి మనల్ని చూస్తూ లెక్కించేది ఇంకోటి. ఒకదాని కుడి రెండోదానికి ఎడమ. నా కాగితంలో మొదటిది రాసుకున్నాను. బావ పైనుంచి కిందికి చూస్తున్నాడని తట్టలేదు.

"కుడికి రెండడుగులు జరిగి తిప్పు బావా."

"నా కుడా, నీ కుడా?"

"కుడంటే కుడే. అదీ నేనే నేర్పాలా?"

"సరేలే మేడమ్‌గారూ," అని నవ్వాడు.

అటువైపు రెయిలింగ్ ఇంకా బిగించలేదు.

కాలు జారిందని అందరికీ చెప్పాను. అక్కకి కూడా. బావ ఉద్యోగం అక్కకిచ్చారు. రేపు పొద్దున్నే మొదటిసారి పైకెక్కుతుంది, నా కాగితం పట్టుకుని. దిద్దితే ఎందుకు దిద్దావంటారు. అందుకే దిద్దలేదు.

ఈ సాయంత్రం గదిలో ఒక్కదాన్నే ఉన్నాను. పైన ఎవరూ లేరు. డీజిల్ వాసన, జనరేటర్ మోత. వాకీటాకీ గరగరమంది.

"పిల్లా..."

బావ గొంతు.

"కాగితం దిద్దకు... తను వస్తోందిగా."

తెర వైపు చూశాను. టెలిస్కోపుకి మనిషి అడ్డమొస్తే ఒంటి వేడికి తెర మీద గీత పైకి లేస్తుంది. ఇది లేవలేదు. దిగింది. ఆకాశం కంటే చల్లనిదేదో మూతి మీద వంగి చూస్తోంది. దాని పక్కనే గీతలో ఇంకో పల్లం... అక్కలాగే సన్నగా, కాస్త పొట్టిగా.

అక్క వచ్చేది రేపు కదా.

ఫోన్ తీశాను. అక్కకి చేస్తాను. అంతా చెప్పేస్తాను.

ఎత్తితే.