దేవిదాస్ ముందుపన్ను

"రేపు కోర్టులో దేవిదాస్ నోరు విప్పాలి భానూ. ఈలోపే ఆ నోరు మూయించడానికి వాళ్ల మనిషి బాన్సువాడలో దిగాడు." ఫోన్లో చీఫ్ గొంతు ఎప్పటిలాగే పొడిగా ఉంది.

"ఎవరు సార్?"

"అది తెలిస్తే నిన్నెందుకు పంపుతాను?"

దేవిదాస్ పెద్ద కొడప్‌గల్ ఊరి రైతు. సరిహద్దులో ఆయుధాల లారీ పక్కన విదేశీ ముఠా నాయకుడి ముఖం చూసి, బతికి బయటపడ్డ ఒకే ఒక్కడు. వాళ్లు కొట్టిన దెబ్బకు ముందుపన్ను ఊడింది. పోయిన వాయిదాకు మాటల్లో ఈల వస్తుంటే ప్లీడర్లు నవ్వారట. పన్ను పెట్టించుకోనిదే బోనెక్కనని భీష్మించాడు. మొండివాడు రాజుకన్నా బలవంతుడు కదా.

ఏజెంట్ భానుప్రసాద్ చెరుకు రైతు వేషంలో పళ్ల దవాఖానలో అడుగుపెట్టాడు. జేబులో పెన్ను పిస్టల్. బెంచీ మీదున్న ప్రతి వాచిన బుగ్గా అతడికి అనుమానంగానే కనిపించింది.

"బీర్కూర్ బస్సు పోయిందా అక్కా?"

"పోయింది. ఇంకోటి జుక్కల్ దిక్కు నుంచి వస్తది."

కోడ్ సరిపోయింది. నెమలి రంగు చీరలో ఉన్న అసిస్టెంట్ కృప, డిపార్ట్‌మెంట్ నెల కిందట అక్కడ నాటిన మనిషి. అంత అందం డెట్టాల్ వాసన మధ్య ఎలా ఇమిడిందో భానుకు అర్థం కాలేదు.

"డాక్టర్ రాజీవే వాళ్ల మనిషి," ఆమె గొణిగింది. "సూది మీద కన్నేయండి."

దేవిదాస్ బామ్మర్దినని చెప్పి భాను లోపలికి దూరాడు. కుర్చీలో దేవిదాస్ నోరు తెరిచి ఉన్నాడు. రాజీవ్ సిరంజి ఎత్తాడు. భాను వేలు పెన్ను మీదికి వెళ్లింది. రాజీవ్ చిగురు నొక్కి చూసి సిరంజి పక్కన పెట్టేశాడు.

"వద్దులే. నొప్పి లేదంటుండు."

భాను అనుమానం తగ్గలేదు, పెరిగింది. మరి చంపేది దేనితో?

కృప చిన్న డబ్బా అందించింది. అందులో బ్రిడ్జి ఉంది. నడుమ పోయిన పన్ను, దానికి అటూ ఇటూ పక్క పళ్లకు తొడిగే రెండు తొడుగులు, మూడూ కలిసి ఒకే ముక్క. రాజీవ్ తొడిగి చూశాడు. వదులుగా ఊగింది.

"ఏంది గిది? పక్క పండ్లు అరగదీసినంక అచ్చు తీసి ల్యాబుకు పంపిన. ఇది అరగదీయక ముందు తీసిన అచ్చు మీద చేసిండ్రు. గా పాత అచ్చు బీరువల ఉండె కదా కృపా?"

బీరువా తాళంచెవి కృప నడుముకే వేలాడుతోంది. సూదిని చూడమన్నదీ ఈవిడే.

"గట్టిగ కొరుకు అన్నా, అదే కూసుంటది," ఒక అడుగు వెనక్కి వేస్తూ మెత్తగా అంది కృప.

దేవిదాస్ దవడ బిగించాడు. ఆ క్షణంలోనే భాను తన బొటనవేలు అతడి వెనక పళ్ల మధ్యకు దూర్చాడు. ముందుపళ్లు కలవలేదు. రెండో చేతిలోని పెన్ను కృప వైపు తిరిగింది.

"నెల దినాలు నమ్మిండ్రు," ఆమె నవ్వింది. "ఇంకొక్క నిమిషం నమ్మితే ఏం పోతుండె?"

రాజీవ్ బ్రిడ్జిని ఊడదీసి వెలుతురులో పెట్టాడు. బోలు పన్నులో సన్నటి గాజు గొట్టం, నిండా విషం. కింది పన్ను తగిలితే చిట్లేలా అమర్చారు. అసలు బ్రిడ్జి కృప హ్యాండ్‌బ్యాగ్‌లో దొరికింది. అది ఎక్కడా ఊగలేదు.

సిమెంట్ గట్టిపడ్డాక దేవిదాస్ అద్దంలో చూస్తూ పలికి చూసుకున్నాడు. "చూసిన సారూ, నా కండ్లతోని చూసిన." ఈల రాలేదు. కళ్లు తుడుచుకున్నాడు. "ఇగ నవ్వమను."

సాయంత్రం చీఫ్ అడిగాడు. "శత్రువుల చేతిలో దెబ్బలేమైనా?"

"వాళ్ల చేతిలో లేవు సార్," వాచిన బొటనవేలు ఉప్పునీళ్లలో ముంచుతూ అన్నాడు భాను. "మన సాక్షి మిగతా పళ్లు మాత్రం చాలా గట్టివి."